పిలుపు నీళ్లు

మొదటి రోజు
బయలుదేరినప్పుడు నీళ్లు 40 లీటర్లు. సాయంత్రానికి 30. వెళ్లిన దూరం 14 కిలోమీటర్లు.

మందస మెట్ట గేటు ఉదయం ఆరింటికి తీశారు. గేటు గుమస్తా ఎప్పటిలాగే మా ముగ్గురి పేర్లు పైకి చదివాడు. "ఊట చూపేది జీడి. తోడు దానేసు. రాత కూర్మారావు." పేరు వినగానే ఔననాలి. జీడి తరఫున దానేసు ఔనన్నాడు. తర్వాత తన తరఫున ఇంకోసారి అన్నాడు.

"సూసేవా బావా," అన్నాడు ట్రాలీ ఎక్కుతూ. "తొమ్మిదేళ్లయింది. దీని పేరు ముందు, నా పేరెనకాల. పెళ్లాం దగ్గరైనా ఇంత అణిగి ఉండీవోణ్ని కాదు."

జీడి మా ఇద్దరి మధ్య సీటు మీద కూర్చుంది. నల్ల కుక్క, మూతి మాత్రం నెరిసింది.

ఈ ప్రయాణంతో జీడి పట్టా గడువు తీరుతుంది. దారిలో ఊటలు చూపిస్తే మరో మూడేళ్లకు రాస్తారు. పట్టా ఉన్న కుక్కకు రోజుకు రెండు లీటర్లు, దాని తోడుకు నాలుగు. పట్టా లేని కుక్కను ఏ గేటూ లోపలికి రానివ్వదు. దానేసుకు మెట్ట మీద వేరే పని లేదు. అతని ఊరు, పడవ, వలలు అన్నీ సముద్రం కింద ఉన్నాయి. జీడికి తోడు అన్న ఒక్క మాట మీదే నీళ్ల జాబితాలో అతని పేరు నిలిచి ఉంది.

నా పని ఊటల పుస్తకం రాయడం. మందస మెట్ట నుంచి వంశధార గేటు దాకా, పాత పెద్దరోడ్డు వెంబడి ఎక్కడెక్కడ తీపి నీళ్లున్నాయో, ఎవరు చూపారో, ఎవరు తవ్వారో అందులో రాయాలి. వచ్చే నెల ఉప్పు బళ్లు ఆ పుస్తకం పట్టుకుని వస్తాయి. నలభై మంది.

ఇప్పుడు రాస్తున్నది ఆ పుస్తకం కాదు, నా సొంత నోటుబుక్కు. నేను బడికి వెళ్లలేదు. నీళ్ల మీటర్లు విప్పి బాగుచేస్తూ అంకెలు ముందు నేర్చుకున్నాను, అక్షరాలు తర్వాత. అందుకే రోజూ అంకెతో మొదలుపెడతాను.

సాయంత్రం ఒక ఫ్లైఓవర్ మీద గుడారం వేశాం. కింద రోడ్డులో అలలు వచ్చి పోతున్నాయి. దానేసు ఎండు సావిడాయ చేపలు కాల్చాడు. ఆ వాసనకు నాకే నోట్లో నీళ్లూరాయి. చేప ముక్క జీడి వెనక పెట్టాను. అది వెనక్కి తిరగలేదు. ఎండ వల్ల కావచ్చు.

రెండో రోజు
ఉదయం నీళ్లు 30. మొదటి ఊట దొరికింది. డబ్బాలు నింపాం. సాయంత్రానికి 36. దూరం 12.

నేను లేచేసరికి దానేసూ జీడీ గుడారంలో లేరు. ఇసుక దిబ్బల వైపు నుంచి అతని ఈల వినిపించింది. వెళ్లేసరికి మొగలి పొదల పక్కన జీడి కూర్చుని ఉంది. కుక్క కూర్చున్న చోట తవ్వాలి. ఇది పుస్తకంలో మొదటి నియమం. మొదటి ఏళ్లలో మనుషులు తమకు తోచిన చోట తవ్వుకుని తాగి చాలామంది పోయారు. మునిగిన రొయ్యల చెరువుల మందులు, ఫ్యాక్టరీల మందులు ఇసుక కింద ఉన్నాయి. చెడ్డ ఊట మనిషి నాలుకకు తియ్యగానే ఉంటుంది. కుక్క ముక్కుకు మాత్రం దొరికిపోతుంది.

దానేసు చెంబెడు మంచినీళ్లు తెచ్చి ఆ చోట పోశాడు. దీన్ని పిలుపు నీళ్లంటారు. నీళ్లను చూపించి నీళ్లను పిలవడం. చెంబు అంటే ఒక లీటరు. మూడు ప్రయాణాలుగా ఇది దండగని చెబుతూనే ఉన్నాను.

"సుట్టాలింటికి ఉత్త సేతుల్తో ఎల్తావేటి?" అన్నాడు.

"నీళ్లు సుట్టాలా?"

"మరేటి, అప్పులోళ్లా?"

మూడు అడుగుల లోతులో చెమ్మ, నాలుగున్నర అడుగులకు నీళ్లు. మొదటి గుక్క కుక్కది. జీడి తాగింది. తర్వాత మేం తాగాం. పుస్తకంలో రాశాను: ఊట చూపినది, జీడి.

దానేసు మోకాళ్లకు అప్పటికే తడి ఇసుక ఎండి అంటుకుని ఉంది. నేను రాకముందే అతను అక్కడ కాసేపు మోకరిల్లి ఉన్నాడన్నమాట. అడగలేదు.

మూడో రోజు
ఉదయం నీళ్లు 36. రెండో ఊట సన్నంగా ఉంది, పూటంతా కూర్చుంటే 9 లీటర్లు వచ్చాయి. సాయంత్రానికి 34. దూరం 13.

ఈ రోజు కూడా నేను లేచేసరికి వాళ్లు లేరు. ఈ రోజు కూడా నేను వెళ్లేసరికి జీడి కూర్చుని ఉంది. దానేసు మాత్రం పొద్దున టీ తాగలేదు. కడుపు నిండుగా ఉందన్నాడు. రాత్రి తిన్నది నాలుగు ముద్దలే.

మధ్యాహ్నం ట్రాలీ మోటారుకున్న సోలార్ పలకలను ఎండకు తిప్పి, వాటి నీడలో పడుకున్నాం. దానేసు పడవ రోజుల గురించి చెప్పాడు. నడిసముద్రంలో వర్షం పడితే తెరచాప విప్పి నీళ్లు పట్టేవాళ్లట. వాళ్ల అయ్య గాలిని నాలుక మీద పెట్టుకుని రేపటి వాన సంగతి చెప్పేవాడట.

"నీకూ తెలుస్తాదా?" అని అడిగాను.

"నాకేటి తెలుస్తాది. అయ్య పోయాక నాలిక్కి కల్లు రుచే మిగిలింది." జీడి చెవి వెనక గోకుతూ, "తెలిసేది దీనికి," అన్నాడు.

సాయంత్రం తూర్పున నల్లగా కమ్మింది.

నాలుగో రోజు
ఉదయం నీళ్లు 34. సాయంత్రానికి 10. దూరం 11.

వాడింది 10. పోయింది 14.

ఉదయం తొమ్మిదింటికి ఉప్పుటేరు కల్వర్టు దాటుతున్నప్పుడు పొంగు వచ్చింది. గాలి లేదు, వాన లేదు, సముద్రం ఒక్కసారిగా లేచి రోడ్డు మీద నడిచినట్టు వచ్చింది. ట్రాలీ ఒక పక్కకు ఒరిగింది. దానేసు జీడిని భుజం మీద వేసుకుని దూకాడు. నేను డబ్బాలు పట్టుకున్నాను. ఒకటి చేతికి చిక్కింది. రెండోది కమ్మీకి కొట్టుకుని పగిలింది. అందులో పద్నాలుగు లీటర్లున్నాయి. ఎండు చేపల మూట కూడా పోయింది.

అవతల గట్టుకు చేరి వెనక్కి చూస్తే కల్వర్టు లేదు. మొదటి రెండు ఊటలూ అవతలే ఉండిపోయాయి.

సాయంత్రం ఆగిన చోటి నుంచి వంశధార గేటు ఇంకా 34 కిలోమీటర్లు. రోడ్డు నిండా పొంగు వేసిన ఇసుక, కూలిన స్తంభాలు. ట్రాలీ మోటారులోకి ఉప్పునీళ్లు పోయాయి. విప్పి తుడిచి మళ్లీ బిగించేసరికి రెండయింది. తిరుగుతోంది కానీ బలం లేదు, ఇసుకలో తొయ్యాల్సి వస్తోంది. తోస్తే చెమట. చెమటకు నీళ్లు.

"పది లీటర్లుంది," అని చెప్పాను. "రేపు ఊట దొరకాలి."

దానేసు జీడి వైపు చూశాడు. అది అతని చెప్పు మీద తల పెట్టుకుని పడుకుంది.

ఐదో రోజు
ఉదయం నీళ్లు 10. సాయంత్రానికి 4. దూరం 6.

తాగింది 4. పిలుపు నీళ్లు 2.

ఉదయం దానేసు ఒక్కడే దిబ్బల్లో తిరిగి ఉత్తినే వచ్చాడు. పొంగు అంతా కడిగేసిందన్నాడు. ఏం కడిగేసిందని అడిగితే మాట మార్చాడు. తర్వాత ఇద్దరం ట్రాలీ తోస్తూ నడిచాం. పదింటికి అతను చక్రం కింద చెక్కపలక సర్దుతున్నాడు. జీడి ముందుకు వెళ్లి, రోడ్డు దిగి, ఒక చదును ఇసుకలో కూర్చుంది.

నేను పార తీసుకుని పరుగెత్తాను.

దానేసు నెమ్మదిగా వచ్చాడు. "అలిసిపోయి కూకుంది బావా. పద."

"కుక్క కూర్చున్న చోట తవ్వాలి."

"ఇక్కడ మొగలి నేదు, ఏటీ నేదు."

"నువ్వా చూసేది, అదా?"

అతను జీడిని, నన్ను మార్చి మార్చి చూశాడు. తర్వాత వెళ్లి చెంబు తెచ్చి నీళ్లు పోశాడు. ఆ నీళ్లు ఇసుకలో ఇంకుతుంటే అతని ముఖం చూసి ఉంటే నాకు తెలిసేది. నేను ఇసుకనే చూస్తున్నాను.

రెండు గంటలు తవ్వాం. ఆరడుగులకు నీళ్లు వచ్చాయి. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

జీడి అప్పటికి లేచి ఇంకో పది గజాల అవతల కూర్చుంది. మళ్లీ తవ్వాలన్నాను. దానేసు పార పక్కన పెట్టాడు. మళ్లీ చెంబు తెచ్చాడు. మళ్లీ పోశాడు. నాతో సమానంగా తవ్వాడు. అరచేతుల్లో పొక్కులు చిట్లి పార కర్ర ఎర్రబడింది. మధ్యాహ్నం మూడింటికి నేను గోతిలో కూలబడ్డాను. అప్పుడు అతను గోతి అంచున కూర్చుని చెప్పాడు.

"దానికి ముక్కు నేదు బావా."

నాకు అర్థం కాలేదు.

"పోయిన సీతాకాలం జొరమొచ్చింది గదా. అప్పుడే పోనాది. అన్నం గిన్నె ఎదర పెట్టి సూపించాలి, నేపోతే తెలీదు."

"మరి మొన్న రెండు ఊటలు?"

"నాను ఎతికేను. తెల్లారగట్ట మంచు ఎక్కడ ఇసకని పట్టుకుంటాదో సూసి, మొగలి ఊడలు ఎటు పోనాయో సూసి. సీమలుంటే మంచి నీళ్లు. మందు నీళ్ల దగ్గిర సీమ ఉండదు. తవ్వి, తాగి, పూడ్సీసి, దాన్ని ఈలేసి కూకోబెట్టేను. దానికి నా ఈల తెలుసు."

"తాగావా? నువ్వు ముందు తాగావా?"

"మరి? ముక్కు నేని దాని సేత తాగిత్తానేటి?"

నేను ఆరడుగుల గోతిలో ఉన్నాను. పైన ఆకాశం, అతని ముఖం, దాని పక్కన జీడి ముఖం.

"తవ్వేముందు చెప్పొచ్చుగా. రెండు చెంబులు పోశావు. ఇంతసేపు తవ్వావు."

"సెప్తే నువ్వు రాసీస్తావు."

అది నిజం. రాసేస్తాను.

ఈ పూట పోయిన నీళ్లకు, ఈ చెమటకు కారణం కుక్క కాదు. దానేసు కూడా సగమే. పుస్తకం పట్టుకుని కాళ్ల కింద ఇసుక చూడకుండా తవ్వించింది నేను. ఇక్కడ రాసి పెడుతున్నాను.

సాయంత్రం నేను అతనితో మాట్లాడలేదు. నిద్రపోయే ముందు అతనే అడిగాడు. "ఏటి రాత్తావు?"

"ఉన్నదే."

"రాయి. రాసి, గేటు దగ్గిర దాన్ని బయట కట్టీసీది కూడా నువ్వే కట్టు. నా సేతుల్తో నావల్ల కాదు."

"దానికి ముక్కుందని రాస్తే, వచ్చే ఏడు దాన్ని నమ్మి ఎవరో తవ్వుతారు. మనలాగే. నీలాగా ముందు తాగేవాడు వాళ్లకి ఉండడు."

దానేసు జీడి మెడ మీద చెయ్యి వేశాడు. "తెలుసు," అన్నాడు.

ఆరో రోజు
ఉదయం నీళ్లు 4. సాయంత్రానికి ఒకటిన్నర. దూరం 9.

తెల్లవారేసరికి దానేసు లేడు. జీడి గుడారం కర్రకు కట్టి ఉంది. ఎప్పుడూ కట్టని వాడు ఈ రోజు కట్టాడంటే అది వెంట రాకూడదని. నేను అతని అడుగులు పట్టుకుని వెళ్లాను. అర కిలోమీటరు అవతల, కూలిన గోడ పక్కన, తవ్విన గుంట దగ్గర పక్కకు తిరిగి పడి ఉన్నాడు. వాంతి చేసుకుంటున్నాడు. గుంటలో నీళ్లు తేటగా ఉన్నాయి.

"తియ్యగున్నాయి," అన్నాడు. "సెడ్డ తీపి. నువ్వు ముట్టకు."

"చీమలు చూడలేదా?"

"పొంగుకి సీమలన్నీ కొట్టుకుపోనాయి. మంచిదో కాదో తెలీటానికి ఇంకేటి దారుంది? నీ లెక్క సూస్తే నాలుగు లీటర్లు."

నా లెక్క. నిన్న ఎన్నిసార్లు ఆ అంకె పైకి చదివానో నాకు గుర్తుంది.

గుంట పూడ్చాను. మీద మూడు రాళ్లు నిలబెట్టి, పుస్తకంలో రాశాను: చెడ్డ ఊట, కూలిన గోడకు దక్షిణంగా, తాకరాదు. దానేసును వీపు మీద మోసుకొచ్చి ట్రాలీలో పడుకోబెట్టాను. బరువు లేడు. ఈ ఎండల్లో అతను తన వాటా నుంచి జీడికి ఎంత పోస్తున్నాడో అప్పుడు తెలిసింది. నేను రోజూ రాసిన లెక్కలో అతనికి నాలుగు అని ఉంది. డబ్బాలోంచి తీసింది రాశాను కానీ ఎవరి గొంతులోకి వెళ్లిందో రాయలేదు.

కడుపులో ఉన్నది బయటికి రావాలని లీటరు నీళ్లు ఉప్పు కలిపి తాగించాను. మళ్లీ వాంతి. ఆ లీటరు ఇసుకలో పోయింది. మిగిలిన మూడింటిలో ఒకటిన్నర అతనికీ నాకూ జీడికీ రోజంతటికీ.

తోశాను. ఎండ వేడికి మోటారు ఆగి ఆగి తిరుగుతోంది. తిరిగినప్పుడు పక్కన నడిచాను, ఆగినప్పుడు తోశాను. జీడి ట్రాలీ కింద, చక్రాల నీడలో నడిచింది. మధ్యలో ఎక్కడా కూర్చోలేదు. కూర్చుంటే నేను పార తీసుకుని వస్తానని దానికీ తెలిసినట్టుంది.

సాయంత్రం దానేసు కళ్లు తెరిచి, "దూరం ఎంత?" అన్నాడు.

"పంతొమ్మిది."

"నన్ను దించీసి నువ్వూ అదీ ఎల్లిపోండి. తేలికవుతాది బండి."

"దాన్ని గేటు లోపలికి ఎవరు రానిస్తారు?"

అతను కళ్లు మూసుకున్నాడు. ఇంత చెడ్డ జవాబు ఎందుకిచ్చానని తర్వాత అనుకున్నాను.

ఏడో రోజు
ఉదయం నీళ్లు ఒకటిన్నర. పదింటికి ఒక గ్లాసు. దూరం 7.

దానేసుకు జ్వరం. పెదవులు పగిలి మాట గరగరమంటోంది. నా నాలుక అంగిటికి అంటుకుంటోంది. పదింటికి మోటారు పూర్తిగా ఆగింది. గేటు పన్నెండు కిలోమీటర్లు. ఒంటరిగా నడిస్తే వెళ్లగలనేమో. ట్రాలీ తోస్తూ వెళ్లలేను. ఈ లెక్క మూడుసార్లు వేశాను. మూడుసార్లూ అదే వచ్చింది.

రోడ్డుకు పడమర పక్క ఎత్తైన దిబ్బలున్నాయి. పొంగు అంత ఎత్తుకు వచ్చిన జాడ లేదు. దానేసును లేపాను.

"ఏం చూడాలో చెప్పు. నేను వెతుకుతాను."

"నువ్వా?" నవ్వబోయి దగ్గాడు. "నీకు మీటరు కనబడాలి గానీ నీళ్లెక్కడ కనబడతాయి?"

"చెప్పు."

చెప్పాడు. దిబ్బ మీద కాదు, రెండు దిబ్బల నడుమ. మొగలి ముసలిదై, ఊడలు ఒకే పక్కకు దిగినచోటు. గుప్పెడు ఇసుక రెండు జానల లోతు నుంచి తీసి పిడికిలి బిగిస్తే ముద్ద కట్టాలి. ఆ ముద్దను నాకాలి. ఉప్పగా ఉంటే ఇంకో చోటు.

పదకొండు చోట్ల ఇసుక నాకాను. పదకొండూ ఉప్పే. నోట్లో ఉమ్మడానికి కూడా తడి లేదు. పన్నెండో చోట ముద్ద చల్లగా ఉంది. నాకితే ఇసుక రుచి తప్ప ఏ రుచీ లేదు. దాని పక్కనే మొగలి మొదట్లో ఎర్ర చీమలు బారుగా పోతున్నాయి. మోకాళ్ల మీద కూర్చుని వాటిని లెక్కపెట్టాను. ఎందుకు లెక్కపెట్టానో తెలియదు. అరవై దాకా లెక్కపెట్టి, తిరిగి వెళ్లి దానేసును ఎత్తుకొచ్చాను. అతను చూసి, ఒక చీమను వేలి మీదికి ఎక్కించుకుని, తల ఊపాడు.

నేను పార ఎత్తాను.

"ఆగు," అన్నాడు. "నీళ్లు?"

"ఉన్నది ఒక్క గ్లాసు."

"నా వాటా పోసీ."

"పొయ్యను."

"ఉత్త సేతుల్తో తవ్వకు బావా. ఇదొక్కటి నా మాట విను."

"అది నీ గొంతులో పోస్తాను. ఇసుకలో పొయ్యను." నా గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు. ఆ గ్లాసులో సగం అతని నోట్లో పోశాను. మిగతా సగం జీడికి పెట్టాను. అతను మింగి, నా మీద కోపంతో ముఖం తిప్పుకున్నాడు.

జీడి గిన్నె నాకి, మెల్లగా వచ్చి, తవ్వడానికి నేను గీసిన గీత మధ్యలో నిలబడింది. వెనక కాళ్లు వంచింది. నాలుగు చుక్కలు. అంతకంటే దాని దగ్గర కూడా లేవు.

దానేసు ముఖం ఇటు తిప్పాడు. రెండు రోజుల తర్వాత అతను నవ్వడం విన్నాను. నవ్వలేక కడుపు పట్టుకున్నాడు.

"పోసీసింది బావా. ఉన్నదంతా పోసీసింది. ఇంక తవ్వు."

ఒక అడుగు పక్కకు జరిగి తవ్వాను. ఎంతసేపో రాయలేను, చూడలేదు. మూడడుగులకు చెమ్మ. ఐదడుగులకు కాళ్ల కింద బురద. బురద మీద నీళ్లు.

జీడి గోతిలోకి దూకబోయింది. దాని మెడ పట్టీ పట్టుకున్నాను.

"దాన్ని తాగనీకు," అన్నాడు దానేసు. "నాకియ్యి. నాకెలాగూ పాడైంది కడుపు."

"నీ వంతు నిన్న అయింది."

"నువ్వు పడిపోతే బండి ఎవుడు తోల్తాడు?"

"మోటారు ఎలాగూ తిరగట్లేదు," అని తాగాను. ఒక దోసెడు. చల్లగా, కొంచెం ఆకు వాసనతో ఉన్నాయి.

తర్వాత ఒక గంట ఆగాలి. మొగలి నీడ అంచున పుల్ల గుచ్చి, జానెడు అవతల ఇంకో పుల్ల గుచ్చాను. నీడ రెండో పుల్లను తాకేదాకా ఎవరూ తాగకూడదు. నీళ్లు గోతి అడుగున కనబడుతున్నాయి. జీడి నా చేతిలో పెనుగులాడింది, మూలిగింది, చివరికి నా మణికట్టు కొరికింది. వదల్లేదు. దానేసు గోతి వైపు చూడకుండా ఆకాశం చూస్తూ పడుకున్నాడు. నా కడుపులో చిన్న కదలిక వస్తే చాలు, అయిపోయిందనుకున్నాను. నేను పడిపోతే ఈ పట్టీ ఎవరు పట్టుకుంటారన్నది ఒక్కటే ఆలోచించాను. పడిపోయే ముందు దాన్ని మొగలికి కట్టాలనుకున్నాను. మళ్లీ, కడితే దాహంతో పోతుంది కదా అనుకున్నాను. కట్టాలా వదలాలా అన్నది గంటలో తేలలేదు.

నీడ పుల్లను తాకింది. కడుపు ఊరుకుంది.

పట్టీ వదిలాను.

సాయంత్రానికి ఉన్న ఒక్క డబ్బా నిండింది. నీళ్లు 20.

ఎనిమిదో రోజు
ఉదయం నీళ్లు 20. గేటు చేరేసరికి 9. దూరం 12. మొత్తం 84.

దానేసుకు తెల్లవారుజామున జ్వరం విడిచింది. మోటారు కడిగి ఆరబెట్టాను. గంటన్నర తిరిగి ఆగిపోయింది. మిగిలిన దూరం తోశాను. వంశధార గేటు కనబడే మలుపులో ట్రాలీ ఆపి, నీడలో కూర్చుని, ఊటల పుస్తకం తెరిచాను. ముందు రాసిన రెండు గళ్లలో జీడి పేరు ఉంది. ఆ రెండింటినీ అడ్డంగా కొట్టేశాను. నా చేత్తో రాసింది కొట్టేయడం ఇదే మొదలు. దానేసు చూశాడు. ట్రాలీలో తాడు వెతికాడు. తీసి జీడి పట్టీకి ముడి వేశాడు. ముడి వేసి, విప్పి, మళ్లీ వేశాడు.

"అవతల ఆ తుమ్మ నీడుంది," అన్నాడు. "అక్కడ కడతాను. నువ్వు డబ్బాలో మిగిలింది గిన్నెలో పోసి ఎల్లు. నాను దాంతో ఉండిపోతాను. నా పేరెలాగూ దాని పేరెనకాలదే గదా."

నేను మాటల్లో చెప్పలేను. రాయడం అయ్యేదాకా ఆగమని చేత్తో సైగ చేశాను.

గేటు గుమస్తా సన్యాసమ్మ అన్న పెద్దావిడ. కళ్లద్దాలు సర్దుకుని పుస్తకం మొదటి నుంచి చదివింది. ఒకటో ఊట, రెండో ఊట. రెండో ఊటకూ మూడో ఊటకూ నడుమ 46 కిలోమీటర్లు తీపి నీళ్లు లేవు, కల్వర్టు లేదు, బళ్లు నాలుగు రోజుల నీళ్లు మోసుకుని పడమటి దారిన రావాలి. ఐదో రోజు రెండు గోతులు, ఉప్పు, తవ్వించిన తప్పు కూర్మారావుది. ఆరో రోజు చెడ్డ ఊట, తాగి చెప్పినది దానేసు. మూడో ఊట.

ఆవిడ వేలు ఒక గడి దగ్గర ఆగింది.

"ఊట సూపినది దానేసు అని రాసేవు. మూడింటికీ. ఇది కుక్క గడి బాబూ."

"చూపినవాళ్ల పేరు రాయమని ఉంది," అన్నాను. "కుక్క పేరు రాయమని ఎక్కడా లేదు."

దానేసు నా భుజం పట్టుకున్నాడు. "ఏటి బావా, నన్ను కుక్క గడిలో రాసేవా?"

ఆవిడ పుస్తకం వెనక అట్ట తిప్పి, నియమాలు మొదటి నుంచి చివరిదాకా పెదవులు కదుపుతూ చదివింది. మళ్లీ ఒకసారి చదివింది. లేదు.

"మరి తోడు?" అంది. "సూపేదానికి ఒక తోడుండాలి."

జీడి వైపు చూపించాను. తాడు ముడి ఇంకా దాని మెడకే ఉంది. రెండో కొస దానేసు పిడికిట్లో ఉంది.

"ముక్కు పనిసేత్తాదా దానికి?"

"చెయ్యదు," అన్నాను. "తోడుకు ముక్కు అడగలేదు."

"పైవోళ్లు ఒప్పుకోపోతే?"

"నలభై మంది వచ్చేది ఆ మూడో ఊట నమ్ముకునే. అది చూపినవాడు గేటు బయట ఉంటే, వచ్చే ఏడు వాళ్లకు ఎవరు చూపిస్తారో పైవాళ్లనే రాయమనండి."

ఇన్ని మాటలు వరసగా నేనెప్పుడూ మాట్లాడలేదు. చెవులు వేడెక్కాయి. సన్యాసమ్మ ఇంకా పుస్తకం మీదే ఉంది. చివరి గడి కళ్లకు దగ్గరగా పట్టుకుంది.

"మూడో ఊట, పిలుపు నీళ్లు పోసినది జీడి," అని చదివింది. అద్దాల మీదుగా నన్ను చూసింది. "కుక్క పోసిందా?"

"పోసింది," అన్నాను.

"ఎంత?"

"ఉన్నదంతా," అన్నాడు దానేసు.

ఆవిడ కాసేపు మా ముగ్గురినీ చూసింది. తర్వాత లేచి, గేటు ముందు నిలబడి, పేర్లు పైకి చదివింది.

"ఊట చూపేది దానేసు."

దానేసు నోరు తెరిచాడు. నేను మోచేత్తో పొడిచాను. ఔనన్నాడు.

"తోడు జీడి."

తొమ్మిదేళ్ల అలవాటు. దాని తరఫున కూడా అతనే ఔనన్నాడు.